పోర్టు ఖాళీగా లేనప్పుడు

కంప్యూటర్‌లో ఒక సర్వర్ ప్రోగ్రామును మొదలుపెట్టగానే, అది పని అందుకోకుండా 'అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్' అని తెర మీద ఒక్క వాక్యం రాసి ఆగిపోవడం తరచుగా జరిగేదే. కొన్ని ప్రోగ్రాములు ఇదే సంగతిని 'పోర్ట్ 8080 ఈజ్ ఆల్‌రెడీ ఇన్ యూజ్' అని చెబుతాయి. జావా అయితే 'బైండ్ ఎక్సెప్షన్' అంటుంది. ఈ లోపానికి లినక్స్‌లో 98, మ్యాక్‌లో 48, విండోస్‌లో 10048 అనే సంఖ్యలున్నాయి. మాటలు వేరైనా కబురు ఒక్కటే: ఈ ప్రోగ్రాము అడిగిన పోర్టు ఇప్పటికే మరొకరి చేతిలో ఉంది. అంతమాత్రాన కంప్యూటర్ చెడిపోయినట్టు కాదు, వైరస్ సోకినట్టూ కాదు. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాల్సిన అవసరమూ లేదు. పోర్టును పట్టుకున్నది ఎవరో కనిపెట్టాలి, దాన్ని ఆపాలా, ఉండనివ్వాలా అన్నది తేల్చాలి. ఈ రెండు పనులూ ఇదే వరుసలో జరగాలి. వరుస తప్పితే అసలు సమస్య కంటే పెద్ద సమస్య వచ్చి పడుతుంది.

పోర్టు అంటే ఇక్కడ తీగ గుచ్చే రంధ్రం కాదు, ఒక సంఖ్య. ఒకే కంప్యూటర్‌లో ఒకే సమయంలో వెబ్ సర్వర్, డేటాబేస్, బ్రౌజర్ అన్నీ నెట్‌వర్క్‌ను వాడుకుంటూ ఉంటాయి. బయటి నుంచి వచ్చిన సమాచారం యంత్రం దాకా చేరడానికి ఐపీ అడ్రస్ చాలు. యంత్రంలో ఏ ప్రోగ్రాముకు అందాలో చెప్పడానికే ఈ పోర్టు సంఖ్య. దీనికి 16 బిట్ల చోటు కేటాయించారు కాబట్టి ఇది 0 నుంచి 65535 దాకా ఉండవచ్చు. సమాచారాన్ని మోసే ప్రొటోకాళ్లలో టీసీపీకి ఒక వరుస, యూడీపీకి మరో వరుస ఉంటాయి. టీసీపీలో 53ను ఒక ప్రోగ్రాము, యూడీపీలో అదే 53ను ఇంకో ప్రోగ్రాము పట్టుకున్నా తగవు లేదు.

ఈ సంఖ్యల పంపకం ఐయానా అనే సంస్థ చూస్తుంది. 0 నుంచి 1023 వరకు ఉన్నవి అందరికీ తెలిసిన సేవలవి. వెబ్‌కు 80, భద్రమైన వెబ్‌కు 443, ఈమెయిల్ బట్వాడాకు 25. 1024 నుంచి 49151 వరకు ఉన్నవి సంస్థలు, సాఫ్ట్‌వేర్ తయారీదారులు నమోదు చేయించుకునేవి. మైఎస్‌క్యూఎల్ వాడే 3306, పోస్ట్‌గ్రెస్ వాడే 5432 ఈ తరగతిలోవే. 49152 నుంచి పైవి ఎవరి పేరా ఉండవు, తాత్కాలిక అవసరాలకు వాడుకునేవి. ఇంటర్నెట్ తొలినాళ్లలో ఈ పట్టికను జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్లు స్వయంగా నిర్వహించాడు. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటూ యులోనెన్, దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే సాధనమైన ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసినప్పుడు, ఫైళ్ల బదిలీకి ఉన్న 21కీ, టెల్‌నెట్‌కు ఉన్న 23కీ మధ్య ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. నేటికీ ఎస్‌ఎస్‌హెచ్ సంఖ్య అదే.

అయితే ఈ పట్టిక ఒక ఒప్పందం మాత్రమే, తాళం కాదు. 3306లో మైఎస్‌క్యూఎల్ తప్ప మరో ప్రోగ్రాము కూర్చోకూడదని ఏ ఆపరేటింగ్ సిస్టమూ అడ్డుపడదు. యునిక్స్ సంప్రదాయంలో 1024 కంటే చిన్న సంఖ్యలకు మాత్రం రూట్ (నిర్వాహకుడి) అనుమతి కావాలి. మిగిలినవన్నీ ముందు వచ్చినవారివి. పోర్టుల తగవులకు మూలం ఇదే.

ప్రోగ్రాము పోర్టును చేజిక్కించుకునే పద్ధతి 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యునిక్స్‌తో స్థిరపడింది. ప్రోగ్రాము మొదట నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం లాంటి ఒక సాకెట్ తెరుస్తుంది. తర్వాత 'బైండ్' అనే పిలుపుతో ఫలానా అడ్రస్, ఫలానా పోర్టు తనకు కావాలని ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌ను అడుగుతుంది. అది దొరికితే 'లిజన్' అని చెప్పి రాబోయే కనెక్షన్ల కోసం ఎదురుచూస్తుంది. మామూలుగా ఒక ప్రొటోకాల్, ఒక అడ్రస్, ఒక పోర్టు కలిసిన కూర్పును కెర్నెల్ ఒక్క సాకెట్‌కే ఇస్తుంది. రెండోసారి ఎవరైనా అడిగితే బైండ్ దగ్గరే తిరస్కరిస్తుంది. తెర మీద కనిపించే లోపం ఆ తిరస్కారమే. ఇందులో అడ్రస్‌కూ పాత్ర ఉంది. 127.0.0.1 అంటే ఆ యంత్రం లోపలికే పరిమితం. 0.0.0.0 అంటే ఆ యంత్రానికి ఉన్న అడ్రస్‌లన్నీ. ఒక ప్రోగ్రాము 0.0.0.0 మీద 8080ను పట్టుకుంటే, ఆ పోర్టు మామూలుగా ఆ యంత్రంలోని ఏ అడ్రస్ మీదా మరొకరికి దొరకదు.

ఇంతకూ పోర్టును పట్టుకుని ఉన్నది ఎవరు? చాలాసార్లు అదే ప్రోగ్రాము తాలూకు పాత ప్రతి. ఎడిటర్ కిటికీ మూసేసినా వెనకాల సర్వర్ నడుస్తూనే ఉంటుంది. లినక్స్, మ్యాక్ టెర్మినల్‌లో కంట్రోల్ సీ నొక్కితే ప్రోగ్రాము ముగుస్తుంది. పొరపాటున కంట్రోల్ జడ్ నొక్కితే అది ముగియదు, ఉన్నచోటే నిలిచిపోతుంది. ఆర్టీసీ బస్సులో తువ్వాలు వేసి దిగిపోయిన ప్రయాణికుడిలా, పని చేయకపోయినా పోర్టును మాత్రం వదలదు. అదే టెర్మినల్‌లో 'జాబ్స్' అని కొడితే అలా నిలిచిపోయినవి కనిపిస్తాయి. 'ఎఫ్‌జీ' అని కొట్టి దాన్ని ముందుకు తెచ్చి, కంట్రోల్ సీతో ముగించవచ్చు. మరికొన్నిసార్లు తల్లి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు) చనిపోయినా, అది పుట్టించిన పిల్ల ప్రాసెస్ ఆ సాకెట్‌ను వారసత్వంగా పొంది బతికే ఉంటుంది. ఇవేవీ కాకపోతే, కంప్యూటర్ మొదలైనప్పుడే తనంతట తాను లేచే సర్వీసు ఏదో ఆ సంఖ్యను ముందే తీసుకుని ఉంటుంది.

పట్టుకున్నవారిని కనిపెట్టడం విండోస్‌లో ఇలా. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌స్టాట్' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత పెట్టి, వెంటనే ఏ, ఎన్, ఓ అనే మూడు అక్షరాలు కొట్టాలి. ఏ అంటే అన్ని కనెక్షన్లూ, ఎదురుచూస్తున్న పోర్టులూ చూపమని. ఎన్ అంటే పేర్లకు బదులు అంకెలు చూపమని. ఓ అంటే ఒక్కోదానికీ యజమాని అయిన ప్రాసెస్ సంఖ్య చూపమని. ఆ సంఖ్యనే పీఐడీ అంటారు. వచ్చే జాబితా పొడవుగా ఉంటుంది కాబట్టి, అదే వరుసలో నిలువు గీత పెట్టి, 'ఫైండ్‌స్ట్ర్' అని రాసి, రెండు చుక్కల గుర్తుతో కలిపి 8080 అని ఇస్తే ఆ సంఖ్య ఉన్న వరుసలు మాత్రమే మిగులుతాయి.

అలా మిగిలిన ఒక వరుసను దగ్గరగా చూస్తే అందులో ఐదు గడులు ఉంటాయి. మొదటిది టీసీపీ అన్న మాట. రెండోది ఈ యంత్రం అడ్రస్, 0.0.0.0, దాని పక్కనే రెండు చుక్కల తర్వాత 8080. మూడోది అవతలి యంత్రం అడ్రస్. ఇది ఎదురుచూసే వరుస కాబట్టి అక్కడ సున్నాలే ఉంటాయి. నాలుగోది స్థితి, 'లిజనింగ్'. చివరిది పీఐడీ, ఉదాహరణకు 6124. ఇక్కడ అక్కరకు వచ్చేవి చివరి రెండు గడులే. లిజనింగ్ అన్న స్థితి ఉన్న వరుసే పోర్టును పట్టుకున్నవారిది. ఆ వరుస చివరనున్న 6124 వారి గుర్తు.

ఈ చోట మూడు పొరపాట్లు జరుగుతుంటాయి. పోర్టు సంఖ్యనే ప్రాసెస్ సంఖ్య అనుకుని 8080ను ఆపమని కోరడం మొదటిది. 80 కోసం వెతికినప్పుడు 8080, 8009, 8005 వరుసలు కూడా వచ్చిపడితే, వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకోవడం రెండోది. మూడోది, రెండో గడికి బదులు మూడో గడిలో ఆ సంఖ్యను చూసి కంగారుపడటం. బ్రౌజర్ బయటి వెబ్‌సైట్‌తో మాట్లాడుతున్నప్పుడు అవతలి వైపు 443 కనిపిస్తుంది. అది అవతలి యంత్రం పోర్టు, ఈ యంత్రంలో దాన్ని ఎవరూ పట్టుకున్నట్టు కాదు.

పీఐడీ దొరికాక దాని పేరు తెలుసుకోవాలి. టాస్క్ మేనేజర్ తెరిచి, డీటెయిల్స్ అనే పేజీలో పీఐడీ వరుసను చూస్తే 6124 ఎదురుగా ప్రోగ్రాము పేరు ఉంటుంది. టైపు చేయడం ఇష్టం లేనివారికి విండోస్‌లోనే రిసోర్స్ మానిటర్ ఉంది. అందులో నెట్‌వర్క్ పేజీకి వెళ్లి, లిజనింగ్ పోర్ట్స్ భాగం విప్పితే ప్రోగ్రాము పేరు, పీఐడీ, పోర్టు ఒకే వరుసలో కనిపిస్తాయి.

పేరు తెలుసుకోవడం ఎందుకంత ముఖ్యమో ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో ఎదురయ్యే ఒక ఉదాహరణ తేటగా చెబుతుంది. డేటాబేస్ పాఠాల కోసం ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌ను, వెబ్ టెక్నాలజీస్ పాఠాల కోసం వెబ్ సర్వర్ అయిన టామ్‌క్యాట్‌ను ఒకే కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. టామ్‌క్యాట్ సహజంగా అడిగేది 8080. ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ 10జీ, 11జీ వెర్షన్లు తమ వెబ్ పేజీ కోసం వాడేదీ 8080 పోర్టునే. ఒరాకిల్ సర్వీసు కంప్యూటర్‌తో పాటే లేస్తుంది కాబట్టి సంఖ్య దానికే దక్కుతుంది. తర్వాత వచ్చిన టామ్‌క్యాట్ లోపం చూపి ఆగిపోతుంది. పీఐడీ పట్టుకుని చూస్తే పేరు 'టీఎన్ఎస్ఎల్ఎస్ఎన్ఆర్' అని ఉంటుంది. అది ఒరాకిల్ లిజనర్. ఆ పేరు తెలియనివారు ఏదో పనికిరాని ప్రోగ్రాము అనుకుని ఆపేస్తే 8080 ఖాళీ అవుతుంది, టామ్‌క్యాట్ లేస్తుంది. కానీ అదే లిజనర్ 1521 పోర్టులో డేటాబేస్ కోసం వచ్చే కనెక్షన్లను కూడా అందుకుంటుంది. అది ఆగిపోగానే టామ్‌క్యాట్‌లోని ప్రోగ్రాము డేటాబేస్‌ను చేరలేదు. ఒక తలుపు తెరవబోయి ఇంకొకటి మూసినట్టవుతుంది. ఇక్కడ సరైన పరిష్కారం ఎవరినీ ఆపడం కాదు. టామ్‌క్యాట్ సెట్టింగుల ఫైలైన సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో కనెక్టర్ అనే చోట 8080ను 8081గా మార్చి మళ్లీ మొదలుపెడితే చాలు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

ఎక్లిప్స్ అనే ఎడిటర్ వాడే విద్యార్థులకు ఎదురయ్యే ఇంకో సందర్భం దీనికి భిన్నం. 8005, 8080, 8009 అనే మూడు పోర్టులూ ఖాళీగా లేవని ఎక్లిప్స్ ఒకేసారి చెబుతుంది. ఈ మూడూ టామ్‌క్యాట్‌వే. అంటే టామ్‌క్యాట్ అప్పటికే నడుస్తోందని అర్థం. ఇన్‌స్టాలర్‌తో ఎక్కించినప్పుడు అది విండోస్ సర్వీసుగా నమోదై ఉంటుంది. సర్వీసెస్ కిటికీ తెరిచి, అపాచీ టామ్‌క్యాట్ పేరు దగ్గర స్టాప్ నొక్కి, స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చాలి. లేకపోతే కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా అదే తంతు.

ఆపాల్సిందే అని తేలినప్పుడు కూడా ఒక మర్యాద ఉంది. మొదట ఆ ప్రోగ్రామును దాని సొంత పద్ధతిలోనే మూయాలి. కిటికీ ఉంటే మూసివేయడం, టెర్మినల్‌లో ఉంటే కంట్రోల్ సీ, సర్వీసు అయితే స్టాప్, ఎక్సాంప్ లాంటి సర్వర్ ప్యాకేజీలకైతే వాటి కంట్రోల్ ప్యానెల్. ఇవేవీ కుదరకపోతే 'టాస్క్‌కిల్' అని రాసి, వాలుగీత పెట్టి పీఐడీ అని, పక్కన 6124 అని ఇవ్వాలి. అలా ఇస్తే విండోస్ ఆ ప్రోగ్రామును మూసుకోమని కోరుతుంది. కిటికీ లేని ప్రోగ్రాములు చాలావరకు ఈ కోరికను వినవు. అప్పుడు చివర వాలుగీతతో ఎఫ్ చేర్చాలి. ఎఫ్ అంటే బలవంతం. 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని వస్తే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరవాలి. అయితే ఆ సందేశం ఒక హెచ్చరిక కూడా. అనుమతి లేదన్న ప్రాసెస్ చాలాసార్లు సిస్టమ్‌ది గానీ మరో వినియోగదారుడిది గానీ అయి ఉంటుంది.

విండోస్‌లో 80వ పోర్టు కోసం వెతికినప్పుడు పీఐడీ 4, పేరు సిస్టమ్ అని రావడం మామూలే. దాన్ని ఎన్నడూ ఆపబోకూడదు, అది విండోస్ కెర్నెల్. నిజానికి 80ను పట్టుకున్నది హెచ్‌టీటీపీ డాట్ సిస్ అనే డ్రైవర్. దాని వెనుక ఐఐఎస్ వెబ్ సర్వర్ గానీ, ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్ గానీ ఉండవచ్చు. సర్వీసెస్ కిటికీలో 'వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్' నడుస్తుంటే దాన్ని ఆపితే 80 ఖాళీ అవుతుంది. ఆ సేవ అవసరమైన యంత్రమైతే మొదలుపెట్టబోయిన సర్వర్‌నే 8080కి గానీ 8081కి గానీ మార్చుకోవడం మేలు.

లినక్స్‌లో ఈ పని ఇంకా సూటిగా సాగుతుంది. 'ఎస్ఎస్' అనే రెండక్షరాల కమాండ్ పక్కన అడ్డగీత పెట్టి ఎల్, టీ, ఎన్, పీ అని ఇస్తే ఎదురుచూస్తున్న టీసీపీ పోర్టులన్నీ, వాటి ప్రాసెస్ పేర్లతో సహా వస్తాయి. ఇతరుల ప్రాసెస్ పేర్లు కనిపించాలంటే ముందు 'సుడో' చేర్చాలి. అది లేకుండా చూసి, పేరు గడి ఖాళీగా ఉందని యజమానే లేడనుకోవడం పొరపాటు. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేసేది 'ఎల్ఎస్ఓఎఫ్'. దాని పక్కన అడ్డగీత ఐ, ఒక ఖాళీ, రెండు చుక్కలు, పోర్టు సంఖ్య ఇస్తే పట్టుకున్నవారి పేరు, పీఐడీ వస్తాయి. ఈ జాబితాలో ఆ పోర్టుకు కనెక్ట్ అయిన బ్రౌజర్ పేరు కూడా ఉండవచ్చు. లిజన్ అన్న మాట ఉన్న వరుసనే లెక్కలోకి తీసుకోవాలి.

ఆపడానికి 'కిల్' కమాండ్ ఉంది. పేరు కరకుగా ఉన్నా అది పంపేది ఒక సంకేతం మాత్రమే. మరేమీ చెప్పకుండా పీఐడీ ఇస్తే 15వ సంకేతం వెళుతుంది. దాన్ని అందుకున్న ప్రోగ్రాము చేతిలో ఉన్న పని ముగించుకుని, ఫైళ్లు భద్రపరచుకుని, తానే నిష్క్రమించవచ్చు. అడ్డగీత 9 అని చేర్చి పంపితే ప్రోగ్రాముకు ఆ సంకేతం అందదు కూడా. కెర్నెలే దాన్ని అక్కడికక్కడే ముగిస్తుంది. సగం రాసిన ఫైలు సగంలోనే ఉంటుంది. మెమరీలో ఉండి డిస్క్‌కు ఎక్కని సమాచారం పోతుంది. తాత్కాలిక ఫైళ్లు, తాళం ఫైళ్లు అలాగే మిగిలిపోయి, మరుసటిసారి ప్రోగ్రాము లేవడానికి అడ్డుపడతాయి. చాలా సలహాల్లో మొదటి మాటే 9 అని ఉంటుంది. అది చివరి మాట కావాలి. 15 పంపి కొన్ని సెకన్లు ఆగాక కూడా ప్రాసెస్ కదలకపోతేనే 9. డేటాబేస్‌ల విషయంలో ఈ ఓపిక మరీ అవసరం. ఏ సంకేతంతో ముగిసినా, ఆ ప్రాసెస్ తెరిచిన సాకెట్‌లన్నింటినీ కెర్నెల్ మూసేస్తుంది. పోర్టును విడిగా విడిపించే పని ఉండదు. 'ఫ్యూజర్' అనే కమాండ్‌కు అడ్డగీత కె, ఆపై పోర్టు సంఖ్య, వాలుగీత, టీసీపీ ఇస్తే వెతకడం, ఆపడం ఒక్కసారే జరిగిపోతాయి. ఎవరిని ఆపుతున్నదీ చూసే అవకాశం లేకపోవడమే దాని లోపం. పైగా అది పంపేది నేరుగా 9వ సంకేతమే.

ఆపిన మరుక్షణమే అదే పేరుతో, కొత్త పీఐడీతో ప్రాసెస్ మళ్లీ ప్రత్యక్షమైతే, దాని వెనుక కాపలాదారు ఉన్నట్టు లెక్క. లినక్స్ సర్వీసు అయితే సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతుంది. 'సిస్టమ్‌సీటీఎల్ స్టాప్' అని సర్వీసు పేరు ఇచ్చి ఆపాలి, మళ్లీ లేవకూడదనుకుంటే 'డిజేబుల్' చేయాలి. పేరు 'డాకర్ ప్రాక్సీ' అని వస్తే, ఆ పోర్టు ఏదో కంటైనర్‌ది. 'డాకర్ పీఎస్' అని కొట్టి ఆ పోర్టు ఎదురుగా ఉన్న కంటైనర్‌ను గుర్తించి, 'డాకర్ స్టాప్'తో దాన్నే ఆపాలి. కోడ్ మారినప్పుడల్లా సర్వర్‌ను తిరిగి లేపే నోడ్‌మాన్ లాంటి పరికరాలు వాడుతుంటే, ఆపాల్సింది ఆ పరికరాన్నే. మ్యాక్‌లో ఈ తీరు సందర్భం ఒకటి చాలామందిని తికమకపెట్టింది. 2021లో వచ్చిన మాంటెరే వెర్షన్ నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ 5000, 7000 పోర్టులను వాడుకుంటోంది. పైథాన్ ఫ్లాస్క్ సహజంగా అడిగేదీ 5000. కంట్రోల్ సెంటర్ పేరుతో కనిపించే ఆ ప్రాసెస్‌ను ఆపినా మళ్లీ లేస్తుంది. సిస్టమ్ సెట్టింగుల్లో ఎయిర్‌ప్లే రిసీవర్‌ను ఆఫ్ చేయాలి, లేదా ఫ్లాస్క్‌కు వేరే పోర్టు ఇవ్వాలి. ఉబుంటులో 53కు సంబంధించి ఇలాంటిదే ఉంది. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ అనే సేవ 127.0.0.53 అడ్రస్ మీద దాన్ని పట్టుకుని ఉంటుంది. యంత్రంలో వెబ్‌సైట్ల పేర్లు అడ్రస్‌లుగా మారేది ఆ సేవ ద్వారానే. దానికి ప్రత్యామ్నాయం సిద్ధం చేయకుండా ఆపితే ఇంటర్నెట్ ఆగిపోయినట్టే ఉంటుంది.

కొన్నిసార్లు ఎంత వెతికినా లిజన్ చేస్తున్న ప్రాసెస్ ఏదీ కనిపించదు, అయినా పోర్టు దొరకదు. జాబితాలో 'టైమ్ వెయిట్' అన్న స్థితితో కొన్ని వరుసలు మాత్రం ఉంటాయి. ఇది లోపం కాదు, టీసీపీ ఉద్దేశపూర్వకంగా పాటించే విరామం. కనెక్షన్‌ను ముందుగా మూసిన వైపు, దారిలో ఆలస్యమైన పాత ప్యాకెట్లు వచ్చి కొత్త కనెక్షన్‌లో కలిసిపోకుండా కొంతసేపు పాత కనెక్షన్ అడ్రస్, పోర్టుల జతను అట్టిపెట్టుకుంటుంది. లినక్స్‌లో ఆ వ్యవధి 60 సెకన్లు. దానికి యజమాని ప్రాసెస్ ఉండదు కాబట్టి ఆపడానికీ ఎవరూ ఉండరు. ఒక నిమిషం ఆగితే అదే పోతుంది. సర్వర్‌ను రాసేవారు బైండ్‌కు ముందు 'ఎస్‌ఓ రీయూజ్ అడ్రస్' అనే ఎంపికను పెడితే, లినక్స్‌లో ఈ నిరీక్షణ అవసరం ఉండదు. చాలా సర్వర్ ప్రోగ్రాములు ఆ పని చేసే ఉంటాయి. విండోస్‌లో మాత్రం ఇదే పేరున్న ఎంపిక ఇంకొకరు వాడుతున్న పోర్టునే లాక్కోవడానికి వీలిస్తుంది. అందుకే మైక్రోసాఫ్ట్ పోర్టును తనకే ప్రత్యేకించుకునే మరో ఎంపికను తెచ్చింది. ఒక వ్యవస్థలో నేర్చినది ఇంకో వ్యవస్థలో కళ్లు మూసుకుని వాడకూడదు.

విండోస్‌లో ఇంకో మెలిక ఉంది. నెట్‌స్టాట్ జాబితాలో పోర్టు ఎక్కడా లేదు, అయినా బైండ్ కుదరదు. లోపం సంఖ్య 10048 కాకుండా 10013 వస్తుంది. అంటే ఆ సంఖ్యను ఎవరూ వాడటం లేదు, కానీ విండోస్ దాన్ని రిజర్వు చేసి పెట్టింది. వర్చువల్ యంత్రాలను నడిపే హైపర్ వీ, దాని మీద ఆధారపడే సదుపాయాలు ఆన్‌లో ఉన్న యంత్రాల్లో పోర్టులు గుత్తులు గుత్తులుగా ఇలా పక్కన పెట్టి ఉంటాయి. 'నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజ్ ప్రొటోకాల్ ఈక్వల్స్ టీసీపీ' అనే కమాండ్ ఆ గుత్తుల మొదటి, చివరి సంఖ్యలను చూపిస్తుంది. కోరిన సంఖ్య వాటి మధ్య ఉంటే, వాటి బయటి సంఖ్యను ఎంచుకోవడమే సులువైన దారి.

కొత్త సంఖ్యను ఎంచుకోవడానికీ కొంత ఆలోచన కావాలి. బయటికి కనెక్ట్ అయ్యే ప్రోగ్రాములకు ఆపరేటింగ్ సిస్టమ్ తాత్కాలికంగా పోర్టులు పంచుతూ ఉంటుంది. లినక్స్ ఇందుకు మామూలుగా 32768 నుంచి 60999 వరకు వాడుతుంది, విండోస్ 49152 నుంచి పైవి వాడుతుంది. సర్వర్‌కు ఆ పరిధిలోని సంఖ్య ఇస్తే, ఏదో ఒక రోజు అది అప్పటికే బ్రౌజర్ చేతికి వెళ్లి ఉండవచ్చు. అందుకని 1024 నుంచి 32767 లోపు, తెలిసిన సేవలు వాడని సంఖ్య మంచిది. పరీక్షల కోసం నడిపే సర్వర్ అయితే 0ను అడిగితే చాలు. ఖాళీగా ఉన్న ఏదో ఒక సంఖ్యను కెర్నెలే ఇస్తుంది. పోర్టు మార్చాక, ఆ సర్వర్‌ను వెతుక్కుంటూ వచ్చే ప్రోగ్రాములకూ, బ్రౌజర్ అడ్రస్‌లోనూ కొత్త సంఖ్య ఇవ్వాలి. ఫైర్‌వాల్‌లో పాత సంఖ్యకు ఇచ్చిన అనుమతి కొత్తదానికి వర్తించదు. ఫైర్‌వాల్‌లో పోర్టు తెరవడం, పట్టుకున్నవారి నుంచి పోర్టు విడిపించడం వేర్వేరు పనులు. మొదటిది ఎంత చేసినా రెండోది జరగదు.

పోర్టును పట్టుకున్న ప్రోగ్రాము ఎవరూ ఎక్కించనిదైతే, పేరు వింతగా ఉండి, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ నుంచి నడుస్తుంటే, అది పోర్టు తగవు కాదు, భద్రతకు సంబంధించిన విషయం. టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రాసెస్ మీద కుడి బటన్ నొక్కి ఫైలు ఎక్కడుందో చూడవచ్చు. సొంత కంప్యూటర్ అయితే యాంటీవైరస్‌తో పరీక్షించాలి. కార్యాలయానిది, కళాశాలది అయితే నిర్వాహకులకు చెప్పాలి. పలువురు వాడే సర్వర్‌లో ఏ ప్రాసెస్‌నైనా ఆపే ముందు దాని యజమానిని అడగడం కనీస ధర్మం. అవతల ఎవరి లావాదేవీ సగంలో ఉందో బయటికి కనిపించదు.

మొత్తం మీద పద్ధతి చిన్నదే. పోర్టు సంఖ్య నుంచి పీఐడీకి, పీఐడీ నుంచి పేరుకు, పేరు నుంచి నిర్ణయానికి రావాలి. పాత ప్రతి అయితే ముగించాలి, సర్వీసు అయితే దాని పద్ధతిలో ఆపాలి, అవసరమైన ప్రోగ్రాము అయితే దాన్ని కదపకుండా కొత్తదానికి వేరే సంఖ్య ఇవ్వాలి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు సమస్య పోయినట్టే ఉంటుంది, కానీ కారణం తెలియదు కాబట్టి మళ్లీ వస్తుంది. చాలాసార్లు కారణం కనిపెట్టడానికి పట్టే సమయం రీస్టార్ట్‌కు పట్టే సమయం కంటే తక్కువే. ఒకసారి కనిపెట్టినవారు అదే లోపం ముందు రెండోసారి ఆగిపోరు. పేరు తెలియని ప్రాసెస్‌ను మాత్రం ఎవరూ బలవంతంగా ఆపకూడదు.